కాలిఫోర్నియా, మెక్సికన్ బ్లాక్, ఫ్లోరిడా, స్పెకిల్డ్: మొదటి పాముగా ఏ కింగ్‌స్నేక్ తీసుకోవాలి?

విజయవాడ పటమటలో అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక డిగ్రీ కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో అమ్మ, నాన్న, ఎనిమిదేళ్ల చెల్లెలు ఉన్నారు. ఇప్పటిదాకా అక్వేరియం తప్ప ఏమీ పెంచలేదు. "అన్నా, ఫొటోల్లో చూస్తే రంగులు తప్ప ఈ నాలుగూ ఒకే పాములా ఉన్నాయి. వీటి మధ్య నిజంగా తేడా ఉందా? మన ఊళ్లో పెంచాలంటే ఏది మంచిది?" అన్నాడు.

తమ్ముడూ, సూటిగా చెబుతాను. మొదటి పాము అయితే కాలిఫోర్నియా కింగ్‌స్నేక్. చేతిలో డబ్బు ఉంటే మెక్సికన్ బ్లాక్. ఫ్లోరిడా, స్పెకిల్డ్ రెండూ మొదటి పాముగా వద్దు. అది ఎక్కడ పుట్టింది, దేశంలోకి ఎలా వచ్చింది అన్నదానికి సరైన కాగితాలు లేకపోతే ఈ నాలుగింటిలో ఏదీ వద్దు. ఈ చివరి మాటే అన్నిటికన్నా ముఖ్యం, దాని గురించి కింద వివరంగా రాస్తాను.

నాది గుంటూరు. ఉద్యోగం మీద హ్యూస్టన్‌లో ఉన్నన్నాళ్లూ నువ్వు అడిగిన నాలుగు రకాలనూ పెంచాను, కాలిఫోర్నియాలతో గుడ్లు పెట్టించి పిల్లలు చేయించాను. తిరిగి వచ్చేసేటప్పుడు అన్నిటినీ అక్కడే, పెంచడం తెలిసిన మిత్రులకు ఇచ్చేశాను. ఇప్పుడు ఇక్కడ ఎవరింట్లోకైనా పాము వస్తే వెళ్లి పట్టి ఫారెస్టు వాళ్లకు అప్పగిస్తున్నాను. కాబట్టి ఆ పాముల సంగతీ తెలుసు, మన ఇళ్ల సంగతీ తెలుసు.

ముందు ఒక మాట. కింగ్‌స్నేక్ అంటే రాచనాగు కాదు. విషం లేని పాము, ఎరను చుట్టుకుని బిగించి చంపుతుంది. ఉత్తర అమెరికాది. నువ్వు చెప్పిన నాలుగింటినీ చాలాకాలం ఒకే జాతికి ఉపజాతులుగా లెక్కపెట్టారు. 2009లో డీఎన్‌ఏ పరిశోధన చేసి ఆ ఒక్క జాతిని ఐదు జాతులుగా విడగొట్టారు. దాని ప్రకారం కాలిఫోర్నియా ఒక జాతి, స్పెకిల్డ్ ఇంకో జాతి. మెక్సికన్ బ్లాక్ కాలిఫోర్నియాలోనే కలిసిపోతుంది. ఫ్లోరిడాను ముందు తూర్పు జాతిలో కలిపారు, 2017లో మళ్లీ విడిగా చూపించారు. పెంచేవాళ్లకు ఈ పేర్ల గొడవతో పెద్ద పని లేదు గానీ, మెక్సికన్ బ్లాక్, కాలిఫోర్నియా రెండూ దగ్గరి చుట్టాలన్నది గుర్తుపెట్టుకో. కొనేటప్పుడు పనికొస్తుంది.

కాలిఫోర్నియా ఎందుకంటే: సైజు చేతికి వస్తుంది. పెద్దయ్యాక మూడు నుంచి నాలుగు అడుగులు ఉంటుంది, మూడడుగుల లోపే ఆగిపోయేవీ ఉన్నాయి. తిండి దగ్గర పేచీ పెట్టదు. కొత్తగా పాము పెంచేవాళ్లకు ఎక్కువ టెన్షన్ పెట్టేది పాము తినకపోవడమే. బాల్ పైథాన్ (పెంపుడు పాముగా అమ్మే ఆఫ్రికా కొండచిలువ) కొన్నవాళ్లు అది నెలల తరబడి తినక నిద్ర మానుకోవడం చాలాసార్లు చూశాను. ఆరోగ్యంగా ఉన్న కాలిఫోర్నియా పిల్లతో ఆ బాధ దాదాపు ఉండదు. తరతరాలుగా పెంపకంలోనే పుట్టిపెరుగుతున్న పాము కాబట్టి మనిషి చేతికి త్వరగా అలవాటు పడుతుంది. పిల్లగా ఉన్నప్పుడు తోక టపటపా ఆడిస్తుంది, చేతి మీద కంపు కొట్టే ద్రవం వదులుతుంది. భయపడకుండా రోజు విడిచి రోజు కాసేపు చేతిలోకి తీసుకుంటే కొన్ని నెలల్లో అవి తగ్గిపోతాయి.

రంగుల గురించి అడిగావు. నలుపు తెలుపు పట్టీలు ఉన్నదీ, వీపు మీద తల నుంచి తోక దాకా ఒకే గీత ఉన్నదీ రెండు వేరే పాములు కావు. ఒకప్పుడు వేరే జాతులనే అనుకున్నారు. శాన్‌డియేగోలో లారెన్స్ క్లాబర్ అనే ఆయన 1930లలో ఒకే తల్లి గుడ్లలోంచి పట్టీల పిల్లలూ గీతల పిల్లలూ వస్తాయని చూపించాడు. తెల్లవి, పసుపువి, లేత ఊదావి అన్నీ పెంపకంలో తీసిన రంగులే. స్వభావంలో తేడా ఏమీ ఉండదు, ధరలోనే ఉంటుంది. రంగు కోసం ఎక్కువ డబ్బు పెట్టకు.

మెక్సికన్ బ్లాక్ మెక్సికోలో సొనోరా ప్రాంతపు పాము. నా చేతుల మీద పెరిగిన వాటన్నిటిలో నాకు ఇష్టమైనది ఇదే. కుబుసం విడిచిన రోజు ఎండలో పెడితే ఆ నలుపు మీద నీలి మెరుపు పరిగెడుతుంది. స్వభావం కూడా నెమ్మది. సైజు, తిండి, వేడి అన్నీ కాలిఫోర్నియాకు చెప్పినవే. మరి మొదటి స్థానం ఎందుకు ఇవ్వలేదంటే, ఒకటి ధర, రెండోది కల్తీ. కాలిఫోర్నియాతో దాటించిన పిల్లలను మెక్సికన్ బ్లాక్ అని అమ్మేస్తారు. అసలైన వాటికి కూడా పిల్లగా ఉన్నప్పుడు గడ్డం కింద తెల్ల మచ్చలు, ఒంటి మీద లీలగా పట్టీలు ఉండొచ్చు, పెరిగేకొద్దీ పోతాయి. అందుకే పిల్లను చూసి తేల్చడం కష్టం. తల్లిదండ్రులను చూపించమని అడగాలి. చూపించకపోతే కాలిఫోర్నియా ధరకు మించి ఇవ్వొద్దు.

ఫ్లోరిడా విషయంలో నిజం ఒప్పుకోవాలి. వాతావరణం ఒక్కటే చూస్తే మనకు బాగా నప్పేది అదే. అది ఉండేది దక్షిణ ఫ్లోరిడాలో ఓకీచోబీ సరస్సు చుట్టుపక్కల, చెరకు తోటల్లో, కాలువ గట్ల మీద. వేడి, ఉక్క, నీళ్లు, ఎలుకలు అన్నీ మన డెల్టా లెక్కే. కానీ అది ఐదడుగుల దాకా పెరుగుతుంది, ఒళ్లు కూడా లావు. ఆకలి చాలా ఎక్కువ. పెట్టె తలుపు తీసిన శబ్దానికే నోరు తెరుచుకుని వస్తుంది. ఇందులో కోపం ఏమీ లేదు, తిండి వచ్చిందనే ఆత్రం. అలవాటున్న చేతికి అది ఇబ్బంది కాదు. చెల్లెలు పక్కన నిలబడి చూసే ఇంట్లో మొదటి పాముగా మాత్రం నేను ఇవ్వను.

స్పెకిల్డ్ చూడ్డానికి ఎంత అందమో! నల్లటి ఒంటి మీద పొలుసు పొలుసుకీ ఒక పసుపు చుక్క. మిసిసిపీ నది పరివాహకం నుంచి తూర్పు టెక్సాస్ దాకా ఉంటుంది, హ్యూస్టన్ శివార్లలో వాన వెలిశాక రోడ్డు దాటుతూ కనిపించేది. కానీ నేను పెంచిన రకాల్లో ఎక్కువగా కరిచింది ఇదే, ఎక్కువ కంపు కొట్టిందీ ఇదే. పెద్దయ్యాక కూడా కొన్ని మారవు. నెమ్మదైనవి లేవని కాదు. మొదటిసారి పెంచేవాడు పాముకు భయపడటం మొదలుపెడితే చేతిలోకి తీసుకోవడం మానేస్తాడు, పాము ఇంకా బెదురుతుంది, చివరికి అది పెట్టెలో పడి ఉంటుంది. అదే నా అభ్యంతరం.

ఈస్టర్న్, డెజర్ట్, బ్లాక్ కింగ్‌స్నేక్ అని ఇంకో మూడు వినిపిస్తాయి. డెజర్ట్ చాలా సాధువు, భయపడితే ముడుచుకుని తల దాచుకుంటుంది, ఒక్కోసారి వెల్లకిలా తిరిగి చచ్చినట్టు పడుకుంటుంది. ఈస్టర్న్ ఆరడుగులు దాటినవి కూడా ఉన్నాయి. మన దగ్గర ఇవి దొరకడం అరుదు కాబట్టి వదిలేద్దాం.

ఇక్కడిదాకా తేడాలు. నాలుగింటికీ ఉమ్మడిగా ఉండే మూడు గుణాలు ఈ తేడాల కన్నా ఎక్కువ లెక్కలోకి వస్తాయి.

మొదటిది, రెండు కింగ్‌స్నేకులను ఒక పెట్టెలో పెట్టకూడదు, ఒక్క రాత్రి కూడా. ఇవి పాములను తినే పాములు. తమ సైజే ఉన్న పామును కూడా మింగేస్తాయి. హ్యూస్టన్‌లో నాకు తెలిసిన ఒకాయన జత కట్టించడానికని రెండింటిని కలిపి భోజనానికి వెళ్లాడు. వచ్చేసరికి ఆడపాము నోట్లోంచి మగపాము తోక జానెడు వేలాడుతోంది. జత కట్టించేటప్పుడు రెండింటికీ కడుపునిండా తినిపించి, కదలకుండా దగ్గర కూర్చోవాలి.

రెండోది, ఇవి భయంతో కన్నా పొరపాటున ఎక్కువ కరుస్తాయి. చేతికి ఎలుక వాసన ఉంటే అది నీ వేలనుకోదు, తిండనుకుంటుంది. పట్టుకుని వదలదు, నములుతుంది. గాయం చిన్నదే, గులాబీ ముల్లు గీసుకున్నంత. లాగితే దాని పళ్లు విరుగుతాయి. చన్నీళ్ల కుళాయి కింద పెడితే వదులుతుంది. సబ్బుతో చేతులు కడుక్కుని, పాము ఒంటి మీద చిన్న కర్రతో ఒకసారి మెల్లగా తట్టి, అప్పుడు చేయి పెట్టు. ఆ తట్టుడు తిండి టైం కాదన్న సంకేతంగా దానికి అలవాటైపోతుంది.

మూడోది, తప్పించుకోవడంలో ఇవి ఘనులు. తల దూరితే ఒళ్లు దూరుతుంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న పెట్టె కావాలి, దానికి తాళం ఉండాలి. అక్వేరియం మీద జాలీ పరిచి ఇటుక పెడితే సరిపోదు.

ఇప్పుడు మన ఊరి సంగతి. ఇంటర్నెట్‌లో చదివేదంతా చలిదేశాల వాళ్లు రాసింది. పామును ఎలా వెచ్చగా ఉంచాలన్నదే వాళ్ల బాధ. విజయవాడలో ఎలా చల్లగా ఉంచాలన్నదే మన బాధ. కింగ్‌స్నేక్‌కు పెట్టెలో ఒక మూల 29 నుంచి 31 డిగ్రీలు, రెండో మూల 23 నుంచి 25 డిగ్రీలు ఉండాలి. చల్లటి మూల లేకపోతే అది ఒళ్లు చల్లబరుచుకునే దారి ఉండదు. పెట్టె మొత్తం 35 దాటితే ప్రాణానికే ముప్పు. మే నెలలో బయట 44, 45 ఉన్నప్పుడు పై అంతస్తు స్లాబ్ కింది గదిలో ఫ్యాన్ వేసినా 37, 38 ఉంటుంది. ఏసీ లేని గదిలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఏ కింగ్‌స్నేక్‌నూ ఉంచలేవు. ఎడారి పాము కదా, తట్టుకుంటుందని అంటారు. ఎడారిలో అది పగలంతా లోతైన బొరియలో ఉంటుంది, రాత్రి బయటికొస్తుంది. నీ పెట్టెలో బొరియ లేదు.

కాబట్టి ఏసీ గది, ఆ ఏసీ లాగలేకపోయినా కనీసం ఫ్యాన్ నడిపే ఇన్వర్టర్ ఉండాలి. పెట్టెను అటక మీద, బీరువా మీద పెట్టకు. నేల మీద గచ్చుకు దగ్గరగా పెట్టు. కరెంటు పోతే నీళ్లు గడ్డకట్టించిన సీసాను పాత గుడ్డలో చుట్టి ఒక మూల ఉంచు. వాటర్ కూలర్ వాడొద్దు. అది గదిని చెమ్మ చేస్తుంది, అడుగున పరిచింది తడిసి పాము పొట్ట పొలుసుల మీద గోధుమ రంగు మచ్చలు, పొక్కులు వస్తాయి. వానాకాలంలోనూ ఇదే జాగ్రత్త. అడుగున టింబర్ డిపో రంపపు పొట్టు వేయొద్దు, ఏ చెక్కదో, దానికి ఏ మందు కొట్టారో తెలియదు. పాత న్యూస్‌పేపర్ వేసి మురికయినప్పుడల్లా మార్చడం అన్నిటికన్నా మేలు. డయల్ థర్మామీటర్లను నమ్మకు. వైరు చివర ప్రోబ్ ఉండే డిజిటల్‌వి రెండు కొని రెండు మూలలా పెట్టు. పాము పగలంతా నీళ్ల గిన్నెలోనే పడుకుంటే, ముందు ఆ రెండు అంకెలు చూడు.

తిండి గురించి అమ్మతో ముందే మాట్లాడు. పిల్లపాముకు ఐదారు రోజులకొకసారి వెంట్రుకలు రాని ఎలుక పిల్ల, పెద్దదానికి పది పదిహేను రోజులకొక పెద్ద ఎలుక. ఇవి పెంపకపు తెల్ల ఎలుకలు అయి ఉండాలి. ఇంట్లో బోనులో పడ్డది గానీ, బజారులో పట్టింది గానీ పెట్టొద్దు. అది మందు తిని ఉండొచ్చు, పురుగులు ఉండొచ్చు. గోడ మీద బల్లి కూడా వద్దు. మన ఊళ్లో గడ్డకట్టించిన ఎలుకలు ఎప్పుడంటే అప్పుడు దొరికే పరిస్థితి లేదు. ఒకేసారి తెప్పించి దాచుకోవాలి, లేదా నువ్వే ఎలుకలు పెంచాలి. ఇంటి ఫ్రిజ్‌లో కూరల పక్కన పెట్టడానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. వేరే చిన్న ఫ్రీజర్ కావాలి. పాము ఖర్చు కన్నా ఏసీ బిల్లు, ఫ్రీజర్ ఖర్చే ఎక్కువ. బాగా చూసుకుంటే ఇది ఇరవై ఏళ్లు బతుకుతుంది. నీ చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ ఆ ఇరవై ఏళ్లలోనే వస్తాయి. ఊరు మారితే దాన్ని ఎవరు చూస్తారో ఇప్పుడే అనుకో.

నేను అన్నిటికన్నా ఎక్కువ బాధపడి చెప్పే విషయం ఒకటుంది, ఇది విదేశీ వీడియోల్లో ఎవరూ చెప్పరు. నలుపు తెలుపు పట్టీల కాలిఫోర్నియా మన వాళ్ల కంటికి కట్లపాములా ఉంటుంది. నిగనిగలాడే నలుపు, అడ్డంగా తెల్ల పట్టీలు. తేడాలు ఉన్నాయి. కట్లపాముకు పట్టీలు సన్నగా, తరచూ జంటజంటలుగా ఉంటాయి, తల దగ్గర ఉండకపోవచ్చు, వీపు మధ్యలో పెద్ద ఆరుపలకల పొలుసుల వరుస ఉంటుంది. కాలిఫోర్నియాకు పట్టీలు వెడల్పు, మూతి మీద కూడా తెలుపు ఉంటుంది. కానీ రాత్రి మెట్ల మీద టార్చి వెలుతురులో ఈ తేడాలు చూసేదెవరు? నీ పాము తప్పించుకుంటే వాచ్‌మెన్ కర్రతోనే వస్తాడు. మెక్సికన్ బ్లాక్ అయితే నల్లత్రాచు అంటారు.

దీనికన్నా భయపడాల్సింది రెండో వైపు. ఇంట్లో పట్టీల పామును ముద్దు చేస్తూ పెరిగిన పిల్ల, ఎప్పుడో అమ్మమ్మగారి ఊళ్లో పెరట్లో అలాంటిదే కనిపిస్తే చేయి చాపుతుంది. కట్లపాము కాటుకు వాపు ఉండదు, పెద్దగా నొప్పి ఉండదు, పిల్ల చెప్పనైనా చెప్పదు. కనురెప్పలు వాలిపోయేసరికి ఆలస్యమవుతుంది. అందుకే చిన్నపిల్లలున్న ఇంటికి నేను పసుపు, తెలుపు రంగుల అల్బినో కాలిఫోర్నియానో, గోధుమ రంగు గీతదో తీసుకోమంటాను. రంగును నేను లెక్కలోకి తీసుకునేది ఈ ఒక్క కారణానికే. చెల్లికి మొదటి రోజే చెప్పు: పెట్టెలో ఉన్నది ఒక్కటే మనది, బయట కనిపించే ఏ పామూ మనది కాదు, చూస్తే పెద్దవాళ్లను పిలవాలి.

చట్టం సంగతి. నాగుపాము, జెర్రిపోతు లాంటి మన పాములకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, ఇంట్లో పెంచితే నేరం. 2022 సవరణతో సైటీస్ (అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోని విదేశీ జంతువులు కూడా ఆ చట్టంలోకి వచ్చాయి. 2024 నిబంధనల ప్రకారం అలాంటివి ఉన్నవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. బాల్ పైథాన్ ఆ జాబితాలో ఉంది, కింగ్‌స్నేక్ లేదు. అమ్మేవాళ్లు ఈ ఒక్క ముక్క పట్టుకుని "దీనికి ఏ పర్మిషనూ అక్కర్లేదు" అంటారు. ప్రాణమున్న జంతువును విదేశం నుంచి తేవాలంటే దిగుమతి లైసెన్సు, క్వారంటైన్ అనుమతి ఉండాలి. అవి లేకుండా వచ్చింది దొంగసరుకే. 2022 ఆగస్టులో చెన్నై ఎయిర్‌పోర్టులో బ్యాంకాక్ నుంచి వచ్చిన సామానులో కస్టమ్స్ వాళ్లు 15 కింగ్‌స్నేకులను పట్టుకున్నారు. అలా సంచుల్లో కుక్కి తెచ్చిన పాములు నీళ్లు లేక, వేడికి సగం చచ్చి చేరతాయి. వాట్సాప్‌లో ఫొటో పెట్టి కొరియర్‌లో పంపుతామనే వాళ్ల దగ్గర నేను ఒక్కటి కూడా కొనను. నువ్వూ కొనొద్దు. ముందు మీ ఫారెస్టు ఆఫీసులో కాగితం మీద రాసి అడుగు, జవాబు కాగితం మీదే తీసుకో.

పెంచలేకపోతే కృష్ణ కాలువ గట్టున వదిలేద్దామనే ఆలోచన ఎప్పుడూ రానీయకు. స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కనేరియా దీవిలో 1998లో కాలిఫోర్నియా కింగ్‌స్నేకులు బయట కనిపించడం మొదలైంది, పెంపుడు పాములు తప్పించుకోవడమో వదిలేయడమో జరిగింది. ఇప్పుడు అవి ఉన్నచోట, సహజంగా ఆ దీవిలో తప్ప ఇంకెక్కడా లేని పెద్ద బల్లులు దాదాపు కనుమరుగయ్యాయి. ఏళ్ల తరబడి పట్టుకుంటున్నా ఆ పాములు అయిపోవడం లేదు. మన డెల్టాలో ఎలుకలు, కప్పలు, తాబేలు గుడ్లు, నీరుకట్టు పాములు దండిగా ఉన్నాయి. ఇక్కడ ఈ కింగ్‌స్నేకులు స్థిరపడితే ఆపడం ఎవరి తరమూ కాదు.

డాక్టరు విషయం కూడా కొనక ముందే తేల్చుకో. గన్నవరం వెటర్నరీ కాలేజీకి వెళ్లి పాములను చూసేవాళ్లు ఉన్నారా, ఏ రోజుల్లో ఉంటారని అడుగు. 2024 బుడమేరు వరద లాంటిది వస్తే ఏం చేయాలో కూడా అనుకుని ఉంచు. గట్టి గుడ్డ దిండుగలీబు, దాని మూతి కట్టే తాడు, గాలి రంధ్రాలున్న మూత డబ్బా పెట్టె పక్కనే ఉండాలి.

ఇవన్నీ కుదిరి, కాగితాలున్న పాము దొరికితే, కొనేటప్పుడు ఇవి చూడు. నీ ఎదురుగా తినాలి, వీడియోలో తినడం లెక్క కాదు. చేతిలోకి తీసుకుంటే కండ బిగువుగా ఉండాలి, వెన్నెముక పొడుచుకు రాకూడదు. నోటి అంచున నురగ, ముక్కులో బుడగలు, ఊపిరిలో గురక ఉంటే వద్దు. గడ్డం కింద, కళ్ల చుట్టూ చిన్న నల్ల చుక్కలు కదులుతుంటే అవి మైట్స్ అనే రక్తం తాగే పురుగులు, అది కూడా వద్దు. పొట్ట వైపు తిప్పి పొలుసులు శుభ్రంగా ఉన్నాయా చూడు, తోక చివర పాత కుబుసం ముక్క బిగుసుకుని ఉందా చూడు. ఇంటికి తెచ్చాక కనీసం వారం రోజులు చేతిలోకి తీసుకోకు, చుట్టాలకు చూపించకు. రెండుసార్లు తిని, అరిగించుకుని, విసర్జించాక మొదటిసారి బయటికి తియ్యి.